పుణె పద్ధతి

పుణె నుంచి తిరిగొచ్చినప్పటి నుంచి షాలేమ్ సార్ మెడలోంచి టై దిగలేదు.

సైన్సు టీచర్లకు స్కాలర్‌షిప్పు మీద ఏడాది ట్రైనింగు. భివండి పద్మనగర్‌లోని తెలుగు బడి నుంచి వెళ్లింది ఆయనొక్కడే. వెళ్లక ముందు ఆయన సాంచలు, అదే మరమగ్గాలు, నడిపే జ్ఞానయ్య కొడుకు. సెలవులొస్తే నాన్న పక్కన సాంచల షెడ్డులో నిలబడినవాడే. వచ్చాక మాత్రం పుణె సార్ అయ్యాడు. ఎవరైనా నాన్న పని మాటెత్తితే పుణె చలి గురించి చెప్పడం మొదలుపెట్టేవాడు.

పాఠాల సంగతి అడక్కండి. స్కాలర్‌షిప్పుతో పాటు ఇచ్చిన ప్రయోగాల పెట్టె పగులుతుందని బీరువాలో పెట్టి తాళం వేశాడు. పుణెలో పిల్లలు తమంతట తామే తెలుసుకుంటారట. గోడకు అవతల సాంచల మోత, ఇవతల పిల్లల గోల. మధ్యలో సార్ హాయిగా పేపరు చదివేవాడు.

అంతలో ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. స్కాలర్‌షిప్పు ఫలితం చూస్తాడట. పిల్లలు బాగా చెబితే సార్‌ను టీచర్లకు ట్రైనింగిచ్చే ఉద్యోగానికి పంపుతారు. చెప్పకపోతే ఉన్న ఉద్యోగం పర్మినెంటు కాదు.

ఊరికి కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు బుచ్చిరాములు బెంబేలెత్తిపోయాడు.

“పోరగాండ్లకు ఒక్క ముక్క రాదు గదా షాలేమ్, ఎట్ల మరి?”

సార్ టై సర్దుకున్నాడు. కానీ ఆ పొద్దున చాయ్ కూడా ముట్టలేదు.

ఇన్‌స్పెక్టరు పిల్లలకు ఎదురుగా కుర్చీ వేయించుకున్నాడు. సార్‌ను నోరెత్తొద్దన్నాడు. సార్ బుద్ధిగా కుర్చీ వెనక్కి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఆకు పచ్చగా ఎందుకుంటుంది?”

సాంచల షెడ్డులో పనిచేసే ఓదెమ్మ కూతురు లత లేచింది. రెప్ప వేయకుండా ఎదురుగా చూస్తూ, పత్రహరితం అంది. ఇనుముకు తుప్పెందుకు పడుతుందో ఇంకొకరు చెప్పారు. చివరి బెంచీ కూడా తడుముకోలేదు. గుమ్మంలో నిలబడ్డ హెడ్మాస్టరు తన చెవులను తానే నమ్మలేకపోయాడు. షాలేమ్ వైపు చూశాడు. పాపం, అతని పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. యేసయ్యకు ప్రార్థన చేసుకుంటున్నాడు కాబోలు. పుణె వెళ్లొచ్చినా భక్తి పోలేదని ముచ్చటపడ్డాడు.

ట్రైనింగంటే ఇదీ అన్నాడు ఇన్‌స్పెక్టరు. నెల తిరక్కుండానే సార్‌కు పెద్ద ఉద్యోగం వచ్చింది. వీడ్కోలు సభలో దండ వేయించుకుని, తానింతవాడు కావడానికి పుణె చదువే కారణమని అరగంట మాట్లాడాడు. వెనక వరుసలో జ్ఞానయ్య, చొక్కాకు అంటిన నూలు దులుపుకోవడం కూడా మరిచి, చప్పట్లు కొట్టాడు.

సభ అయ్యాక హెడ్మాస్టరు లతను పిలిచాడు. సార్ ప్రార్థనకు అంత బలముందా అని అడిగాడు.

“ప్రార్థన ఏంది సార్?” అంది లత. “సాంచల మోతల మాట ఇనవడదని మా ఇండ్లల్ల అందరం పెదవులు జూసే మాట్లాడుకుంటం, షాలేమ్ సార్ కుర్చీ ఎనక నిలవడి జవాబులన్నీ గట్లనే జెప్పిండు.”