పల్చటి గాలిలో లెక్కలు

కొండల మీద చిక్కుకున్నవాళ్లను దించే దళంలో చేరాలంటే ఈ గదిలో నెగ్గాలి. గదిలో ప్రాణవాయువు తగ్గిస్తారు. సైకిలు తొక్కుతూ లెక్కలు చెప్పాలి. ఒళ్లు అలిసినా బుర్ర పనిచేస్తుందో లేదో చూస్తారు.

సైకిలు మీద చెల్లెలు. ఎదురుగా ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని కూర్చున్న డాక్టరు ఆమె సొంత అక్క.

"పదిహేడూ ఎనిమిదీ?"

"ఇరవై అయిదు."

"తప్పు."

చెల్లెలు రొప్పుతూ తొక్కింది. ఏం చెప్పినా తప్పే అంది అక్క. లేచి సైకిలు బిగువు పెంచి, మళ్లీ కూర్చుని, మళ్లీ తప్పంది. చెల్లెలికి ఒళ్లు మండిపోయింది.

"అయితే నువ్వే చెప్పక్కా! తొమ్మిదీ నాలుగూ ఎంత?"

అక్క తీరిగ్గా ఆలోచించింది.

"మంగళవారం," అంది నవ్వుతూ.

చెల్లెలు సైకిలు మీంచి దూకింది. అక్క మాస్కు పైపు ఊడి నేల మీద పడి ఉంది. రెక్క పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చి, బల్ల మీద పడుకోబెట్టి, పక్కనున్న ఆక్సిజన్ సిలిండరు తిప్పి మాస్కు పెట్టింది. కాసేపటికి అక్క పెదాలకు రంగొచ్చింది.

"హమ్మయ్య! అందుకా అన్నీ తప్పన్నావు? నన్ను కొండల మీదికి పంపడం ఇష్టంలేక ఫెయిల్ చేస్తున్నావనుకున్నా. అనవసరంగా అనుమానించానక్కా."

అక్క పైకప్పు వైపు చూసింది.

"పైపు నేను లేచినప్పుడు ఊడిందే. అంతకుముందు నా బుర్ర బాగానే ఉంది."

చెల్లెలు సిలిండరు మీంచి చెయ్యి తీసేసింది.

"పెన్ను ఇటివ్వు," అంది అక్క. "పాసయ్యావు."