కిటికీ పక్క మంచం

"చెప్పండి, ఏం కావాలి?" నర్సు మైకులో అడిగింది.

వార్డులోంచి జవాబు రాలేదు. ఆమె స్విచ్ కట్టేసింది. బెల్లు మళ్ళీ మోగింది.

"మా ఆయనా ఇంతేనమ్మా. పిలుస్తాడు, పలికితే మాట్లాడడు," అంది, మందుల చీటీతో బల్ల ముందు నిలబడ్డ ఆవిడతో.

ఆవిడ నవ్వబోయి ఆగింది. "ఏ మంచం సిస్టర్?"

"కిటికీ పక్కది."

"మా ఆయన. మొన్న ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. ఆయనకి మాటెక్కడిది?"

ఆ సంగతి నర్సుకూ తెలుసు. ఆపరేషన్ గది నుంచి ఆయన్ని తీసుకొచ్చింది ఆమే.

ఇద్దరూ పరుగెత్తారు. ఆయన మెడలోని గొట్టానికి కఫం అడ్డుపడింది. పెదవులు నల్లబడ్డాయి. వేలు బెల్లు మీదే ఉంది. నర్సు మిషనుతో కఫం లాగేసింది. ఊపిరి ఆడింది.

"పిలిస్తే ఆలస్యం కాకూడదని ఈ నెలే అన్ని వార్డులకీ మైకులు పెట్టారమ్మా," అంది నర్సు తలెత్తకుండా.

"ఆలస్యం ఏముంది సిస్టర్, వెంటనే పలికారుగా."

నర్సు మిషను కట్టేసి అంది: "ఇకనుంచి ఈ బెల్లు మోగితే అడగను. వచ్చేస్తాను."

"మీరు డ్యూటీ దిగాక?"

"వచ్చే అమ్మాయికి చెప్పి వెళ్తాను."

"ఆ అమ్మాయి మర్చిపోతే?"

నర్సు గొట్టం చుట్టూ తుడిచింది.

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని భర్త చెయ్యి పట్టుకుంది. "పడుకోండి. నేనెక్కడికీ వెళ్ళను."

ఆయన కళ్ళు మూసుకోలేదు. రేపటితో ఆవిడ సెలవు అయిపోతుందని ఆయనకి తెలుసు.