బయటి కాగితం

అరూషాలో జూలై చలి ఎముకలు కొరుకుతోంది.

ఇరుగుపొరుగు దేశాలన్నీ కలిసి పెట్టుకున్న ప్రాంతీయ కోర్టులో గుమాస్తా ఎసూపత్ టీలో మందాజీ ముంచుకుని తింటుండగా ముసలాయన వచ్చాడు. పెద్దవాళ్లు కనబడితే ‘షికమో’ అనాలి. నోరు ఖాళీ లేక ఆమె అనలేదు.

ఆయన సరిహద్దు అవతలి నుంచి రెండు రోజులు బస్సులో వచ్చాడట. చంకలోని కాగితాన్ని బల్ల మీదికి జార్చాడు.

“జెనీవాలో గెలిచానమ్మా. నన్ను కొట్టినవాళ్లని శిక్షించమన్నారు. మా సర్కారు కుదరదని రాసింది. అప్పటి నుంచి ఇక్కడ కేసు వేయడానికి రెండు నెలలే గడువట. ఇవాళే ఆఖరు.”

“ఇది ఐక్యరాజ్యసమితి కాగితం, పెద్దాయనా. ఇక్కడ మా దేశాల ఒప్పందమే చట్టం. ఏ ఊరి బస్సుకి ఆ ఊరి టికెట్టే.”

కాగితం తీసుకుని ముద్ర కొట్టడం వరకే గుమాస్తా పని. చెల్లుతుందో లేదో జడ్జీలు చూసుకుంటారు. ఆ రోజు తీర్పు మాత్రం ఎసూపతే చెప్పేసింది.

“పోనీ, మీ చట్టం ప్రకారమే రాసిపెట్టు తల్లీ. నేను రాయలేను.”

చదువు రాదు కాబోలు అనుకుంది. లాయరును వెతుక్కోమని పంపేసింది.

గేటు దగ్గర కాపలావాడు సైమా టీ ఇచ్చాడు. ముసలాయన గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగాడు. పాపం చలి, అనుకుంది కిటికీలోంచి చూసి. వేళ కాగానే తలుపు మూసేసింది.

రెండేళ్ల తర్వాత పోలీసు దెబ్బల కేసొకటి వచ్చింది. బయటి చట్టం చూడవచ్చా కూడదా అని పెద్ద పెద్ద లాయర్లు మూడు రోజులు వాదించుకున్నారు. చూడవచ్చన్నారు జడ్జీలు. జెనీవా తీర్పొకటి ఆధారం చేసుకుని కక్షిదారును గెలిపించారు.

జెనీవా తీర్పులో మనిషి పేరు లేదు, రెండు పొడి అక్షరాలే. సాక్ష్యానికి పిలుద్దామని లాయర్లు వెతికిస్తే, కిందటేడే పోయాడని తెలిసింది.

ఆ జెనీవా తీర్పు ప్రతిని సరిచూసే పని ఎసూపత్‌కే పడింది.

“మహానుభావుడు. ఒక్కసారి మన కోర్టు మెట్లెక్కి ఉంటే ఎంత బాగుండేది” అంది, టీ తెచ్చిన సైమాతో.

పేజీ తిప్పింది.

‘వాంగ్మూలం మీద సంతకం చేయనన్నందుకు లాకప్పులో ఈ రైతు పది వేళ్లూ ఒక్కొక్కటిగా విరిచారు; అప్పటి నుంచి అతను కలం పట్టలేడు, టీ గ్లాసైనా రెండు అరచేతుల మధ్య ఇరికించుకునే తాగుతాడు.’