పదకొండో ప్రదక్షిణ

"పది అయినయి. ఇగ కూసో అండాలూ," అన్నాడు లింగస్వామి.

పానగల్ గుడి అరుగు మీద అండాలు కూర్చుంది. ఎప్పుడూ పదకొండు ప్రదక్షిణలకే మొక్కేది. లెక్క తప్పానేమోనన్న అనుమానంతో మళ్లీ మొదలుపెట్టి, కాళ్లు వాచేదాకా తిరిగేది. ఈసారి కావాలనే పదికి ఆగిపొమ్మంది, మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ. అరగంట ఓర్చుకుంటే భయం దానంతటదే దిగుతుందట.

"ఒకటి తక్కువైతే సామి కోపం జేస్తడేమో?"

"జేస్తే డాక్టరమ్మ మీద జేస్తడు. నీకేం ఫికర్? కండ్లు మూసుకో."

మూసుకుంది. గుండెదడ మెల్లగా తగ్గింది. కళ్లు తెరిచేసరికి పక్కన మొగుడు లేడు. గుడి వెనక నుంచి గబగబా వస్తున్నాడు.

"యాడికి పోయినవ్?"

"నీ పదకొండోది ఉండిపాయె గదా. ఎందుకైనా మంచిదని నేను తిరిగొచ్చిన."

"ఒక్కటేనా?"

"రెండు. మొదటిది సక్కగ అయ్యిందో లేదోనని..."

అండాలు పకపకా నవ్వింది. చాలా రోజులైంది అలా నవ్వి. కొంచెం జరిగి, అరుగు మీద జాగా చూపించింది.

"గిట్ల కూసో. కండ్లు మూసుకో. అరగంటల అదే దిగుతది."