ఐదు నిమిషాలు

ఆ గురువారం కూడా సరిగ్గా పదకొండింటికి ఫోన్ మోగింది.

"మీ కిటికీ మామయ్యే," అని నవ్వుతూ రిసెప్షనిస్టు ప్రోగ్రామరమ్మాయికి లైను కలిపింది.

బస్సు టికెట్లు అమ్మే ఆ వెబ్‌సైటు ఆఫీసులో ఆయన పేరు ఎవరూ అడగలేదు. చూపు లేదనీ, ప్రతి వారం ఫోన్ చేస్తాడనీ, కిటికీ సీటే కావాలంటాడనీ మాత్రం అందరికీ తెలుసు.

"ఈసారి తొమ్మిదో సీటు దాకా వెళ్ళానమ్మా. అంతలో మీ సైటు ఇచ్చే ఐదు నిమిషాలూ అయిపోయాయి. మళ్ళీ మొదటికి తోసేసింది."

"మీ కంప్యూటరు సీటు నంబర్లు చదివి చెప్పదాండీ?"

"ఎక్కడ! 'బొమ్మ, బొమ్మ, బొమ్మ' అంటుంది. బొమ్మల దుకాణంలో తప్పిపోయినట్టుంది నాకు."

ఆమె నవ్వబోయి ఆగింది. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. సీట్ల పేజీ చూసుకునే ప్రోగ్రామరు తనే.

"ఊరు చెప్పండి, నేనే టికెట్ తీసేస్తాను. అరనిమిషం పని."

"వద్దు తల్లీ. చేయి పట్టుకుని రోడ్డు దాటించేవాళ్ళు బోలెడుమంది. నన్ను దాటనిచ్చేవాళ్ళే లేరు."

"ఇంతకీ ఎక్కడికండీ?"

"మా అక్క దగ్గరికి. మంచం పట్టింది. పోయిన నెల పక్కింటాయన తీసుకెళ్ళాడు. ఎలా ఉన్నావని అడగలేదు అక్క. 'ఎవరు తీసుకొచ్చార్రా నిన్ను?' అంది."

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"తను పోతే నేనేమైపోతానో అని బెంగ. 'ఎవరూ తేలేదక్కా, నేనే వచ్చాను' అని ఒక్కసారి అనాలి. అంతే నా ప్రయాణం."

"మరి కిటికీ ఎందుకు?"

"గాలిని బట్టి ఏ ఊరొచ్చిందో చెప్పేస్తాను. ఎవర్నీ అడగక్కర్లేదు."

ఆ పేజీ మారుస్తానంటే మేనేజరు ఒప్పుకోలేదు.

"చూపులేనివాళ్ళు మన సైటుకి ఎంతమంది వస్తారమ్మా? నలుగురు కూడా రారు."

"తలుపుకి తాళం వేసి ఎవరూ రావట్లేదంటే ఎలా సార్?"

"మాటలు బాగానే వచ్చు. ముందు చేతిలో ఉన్న పని కానివ్వు."

"అసలా పేజీ ఎవరు రాశారు సార్?"

"ఎవడో పాతవాడు. మానేసి చాలా ఏళ్ళయింది."

మరుసటి గురువారం ఆయనే ఉపాయం చెప్పాడు.

"మౌసు పక్కన పెట్టు. తెర మీద తువ్వాలు కప్పు. చదివే గొంతు పెట్టుకుని మీటలతోనే టికెట్ తీసుకో చూద్దాం."

ఆమె కప్పింది. తను రోజూ తిరిగే పేజీయే. రెండో బొమ్మ దగ్గరే దారి తప్పింది. తువ్వాలు వెనక ఎక్కడో సెకన్లు జారిపోతున్నాయి. ఇంత చిన్న చీకటికే ఇంత భయమా?

"ఏడో సీటు దాటాక ఖాళీ గడి ఒకటి తగులుతుంది. అక్కడ ఇరుక్కుపోతావు," అన్నాడాయన ఫోన్‌లో.

మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టుకుంటూ వెళ్ళింది. నిజంగానే అక్కడ ఇరుక్కుపోయింది.

"మీకెలా తెలుసండీ?"

"పడ్డవాడికి గోతులు గుర్తుంటాయమ్మా."

"ఈ ఐదు నిమిషాల గడువు పెట్టినవాణ్ణి తిట్టాలనిపించదా?"

"రోజూ తిడతాను. వింటూనే ఉంటాడు," అన్నాడాయన. "కళ్ళున్నాయి కదా పాపం. తట్టలేదు."

మేనేజరుకి చెప్పకుండా, భోజనాల వేళ మిగుల్చుకుని, ఆమె ఆ పేజీని మొదటినుంచీ కొత్తగా రాసింది. పాత ఫైలు జోలికే పోలేదు. ఒక్కో సీటుకీ మాట నేర్పింది. గడువు తీసేసింది. ఫైలు చివర తన పేరూ ఫోన్ నంబరూ పెట్టింది. తర్వాత వచ్చేవాడికి సందేహం వస్తే అడగడానికి, రాసినవాళ్ళ నంబరు ఉండాలని ఆ ఆఫీసులో ఏనాటినుంచో ఉన్న పద్ధతి. ఎవరూ ఎవరికీ ఫోన్ చేసిన పాపాన పోలేదు.

మూడు వారాలు పట్టింది. చివరికి మేనేజరు పేజీని చూసి, ఆమెను చూసి, "సరే, పెట్టెయ్," అన్నాడు.

అది గురువారం. పదకొండయింది. ఫోన్ మోగలేదు.

పదకొండున్నర దాకా చూసి, వారం వారం ఫోన్ మీద చూసి నోటికొచ్చేసిన ఆయన నంబరు తనే నొక్కింది.

"అయిపోయిందండీ! సీట్లన్నీ మాట్లాడుతున్నాయి. గడువు కూడా లేదు."



"ఆదివారం అక్క పోయిందమ్మా."

"అయ్యో... మీరు వెళ్ళారా?"

"పక్కింటాయనే తీసుకెళ్ళాడు," అన్నాడాయన. తర్వాత, "ఉండు," అన్నాడు.

మీటల చప్పుడు. చాలాసేపు. ఆయన తొందరపడలేదు. పేజీ కూడా తొందరపెట్టలేదు. చివరికి ఫోన్‌లో యంత్రం గొంతు వినిపించింది: "పదకొండో సీటు. కిటికీ పక్క. ఖాళీ."

"బాగా కట్టావు తల్లీ."

"ఇప్పుడు... ఏ ఊరికండీ?"

"అక్క ఊరికే. తాళం వేసి ఉంటుందిలే. అయినా గుమ్మం దాకా వెళ్ళి, నేనే వచ్చానని చెప్పి రావాలి."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఇక పాత ఫైలు తీసెయ్యాలి. మొదటిసారి దాన్ని చివరిదాకా తెరిచింది.

గడువు పెట్టిన చోట రాసినవాడు ఒక మాట రాసుకున్నాడు: "ఐదు నిమిషాలు చాలు. చూసి నొక్కడానికి అంతకంటే ఎందుకు?"

అన్నిటికన్నా కింద, రాసినవాడి నంబరు ఉండవలసిన చోట, ఇందాక ఆమె వేళ్ళు తడుముకోకుండా నొక్కిన అంకెలే ఉన్నాయి.