పాడైన టేకులు

పది రోజుల ముసురు తరవాత ఆ పొద్దున ఆకాశం కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. ఒక్క మబ్బు తునక లేదు.

కోరాపుట్ రైల్వే క్వార్టర్లో సిద్దు గోడకి రంధ్రం పెట్టి వైరు బయటికి తోస్తున్నాడు. పెరట్లో బట్టలారేస్తున్న అక్క ప్రవీణ ఆ కొస అందుకుంది.

“స్టూడియో గదిలో ఉండాల్సిన స్పీకరు పెరట్లోకి ఏటిరా?”

“ఈ రికార్డింగు పెట్టెకి ఎనిమిది దార్లున్నాయక్కా. ఏ సప్పుడు ఏ దారంట పంపాలో మనిష్టం. పెరట్లో పుట్టిన సప్పుడు పెరట్లోనే మోగాల.”

“వంటింట్లోదీ అందుకేనా?”

“ఊఁ.”

“అమ్మ కోసమా?”

సిద్దు తల వంచుకుని వైరుకి టేపు చుట్టాడు.

నెలన్నర కిందట, వానాకాలం మొదట్లో, పొట్టంగి నుంచి పాటగాళ్లు రికార్డింగుకి వచ్చారు. వాళ్ల దేశియా యాస పాట బాగా కుదురుతుండగా పెరట్లోంచి అమ్మ సింహాచలమ్మ బట్టల గురించి గట్టిగా కేకేసింది. రికార్డవుతున్న టేకు పాడైంది. ఓసారి వంటింట్లోంచి, ఓసారి పెరట్లోంచి, అలా పాడవడం ఆ నెలలో ఏడోసారి. పాడైనవాటిని సిద్దు చెరపకుండా ఓ పక్కన పడేసేవాడు. ఆ రోజు మాత్రం హెడ్‌ఫోన్లు తీసి, అందరి ఎదుటా, “నీ నోరు పడిపోనూ,” అన్నాడు.

ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని లోపలికెళ్లిపోయింది. ఆ వారం దాటాక ఇంట్లో ఆవిడ గొంతు లేదు.

తండ్రి కూర్మారావు కొడుకుతో మాట మానేశాడు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచిపోతున్నాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది.

“రేపటితో నా సెలవైపోద్ది. రాయగడ ఎల్లిపోతాను,” అంది ప్రవీణ. “నాన్న సేత అన్నం ఎవలు తినిపిస్తారు?”

“నాను సెప్తే ఇనడు.”

“ఎందుకింటాడు? నువ్వన్న మాట అలాటిది.”

“నానన్న మాట నాకు తెలీదేటి.”

మధ్యాహ్నం ప్రవీణ అరుగు మీద మూడు కంచాలు పెట్టింది.

“ఆకల్లేదమ్మీ,” అని కూర్మారావు గోడకి చేరబడ్డాడు.

సిద్దు గదిలోకెళ్లి తలుపేసుకున్నాడు.

కాసేపటికి పెరట్లోంచి సింహాచలమ్మ గొంతు గట్టిగా వినపడింది. “మబ్బేసింది, బట్టలు తియ్యండర్రా. నా ఒక్కదాని గుడ్డలేటి అవి?”

ప్రవీణ చేతిలో గరిట ఆగిపోయింది. కూర్మారావు లేచాడు. తలెత్తి చూశాడు. ఎండ కళ్లలో గుచ్చుకుంది. అయినా పెరట్లోకెళ్లి, ఇంకా తడారని బట్టలు ఒక్కొక్కటే తీసి భుజాన వేసుకున్నాడు.

ఈసారి వంటింట్లోంచి. “ఏటయ్యా, పిలిస్తే పలకవు. కూడు సల్లారిపోతంది, తినీరాదా.”

“వస్తన్నానే,” అన్నాడు కూర్మారావు.

తడి బట్టలు ఒళ్లో పెట్టుకునే కంచం ముందు కూర్చున్నాడు. గదిలోంచి వచ్చిన సిద్దు తండ్రి మొహం చూడలేక గుమ్మంలోనే నిలబడిపోయాడు. కూర్మారావు పక్కనున్న కంచాన్ని కొంచెం అటు జరిపాడు. సిద్దు వచ్చి కూర్చున్నాడు.

ముగ్గురూ తిన్నారు. కూర్మారావు మారు అన్నం పెట్టించుకున్నాడు.

సింహాచలమ్మ పోయి అప్పటికి నెల దాటింది.