సముద్రానికి వీపు పెట్టినవాడు

ముసలాయన కుర్చీ తిప్పి, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

అలెగ్జాండ్రియాలో, అన్‌ఫూషీ రేవులో, ఎవరూ చేయని పని అది. బహీజా టీకొట్టుకి ఎవరొచ్చినా ముందు నీళ్లవైపు చూసి, ఆ తర్వాతే గ్లాసు అందుకుంటారు.

"అటు చూస్తే ఏముంది తాతా? డాబాలూ, ఆరేసిన బట్టలూ" అంది బహీజా.

"గాలి అటునుంచే వస్తుందమ్మా. ఆకాశం అంచు పసుపెక్కుతోంది చూడు. సాయంత్రంలోపు ఖమాసీన్ ఇసుకగాలి లేస్తుంది. పడవలు పంపొద్దు."

మూడు రోజులుగా ఇదే పాట. ఒంటిమీద మాసిన కోటు, చంకలో గోనెపట్టాలో చుట్టిన చెక్క. ఎక్కడివాడో, ఎవరివాడో ఎవరికీ తెలియదు.

వల సర్దుతున్న ఆమె తమ్ముడు రజబ్ నవ్వాడు.

"మే నెలలో తుఫానేంటి తాతా? పేరున్నవన్నీ మార్చితోనే అయిపోయాయిగా. దీనికి నువ్వే ఓ పేరు పెట్టు మరి."

రేవంతా నవ్వింది. ఆ ఊళ్లో తుఫానుకి పేరూ తేదీ ఉండాలి. లేకపోతే దాన్ని తుఫానుగా ఎవరూ లెక్కచేయరు.

"ఆ ఏడు కూడా మే నెలే" అన్నాడు ముసలాయన మెల్లగా.

బహీజా చేతిలో గ్లాసు ఆగిపోయింది.

ఆ ఏడు నాన్న పడవ తిరిగిరాలేదు. అప్పుడామెకు ఏడేళ్లు, రజబ్ ఉయ్యాల్లో ఉన్నాడు. ఆరుగురిలో షహాతా అనేవాడొక్కడే, విరిగిన పడవ పలక పట్టుకుని ఒడ్డుకు చేరాడు.

"నా మొగుడి చేతుల్లోంచి లాక్కునే ఉంటాడు ఆ పలక" అని అమ్మ వీధిలో నిలబడి శపించింది.

జనం రాళ్లు వేశారు. చిన్న బహీజా కూడా ఒకటి వేసింది. షహాతా ఊరొదిలి పోయాడు. తను కన్నుమూసేదాకా అమ్మ అతన్ని తిట్టని రోజు లేదు.

"బయల్దేరే పడవకి అపశకునం పలుకుతావా? లే. రేపట్నుంచి ఇటు రావొద్దు" అంది బహీజా.

ముసలాయన టీ ముట్టకుండానే లేచాడు. చెక్క చంకన పెట్టుకుని రాళ్లగట్టు వైపు నడిచాడు.

రజబ్ పడవ వెళ్లిపోయింది.

మూడింటికి గాలి లేచింది. పొయ్యిలోంచి వచ్చినట్టుంది. ఇసుక దుమ్ములో ఎదుటి స్తంభం కూడా కనబడలేదు. దక్షిణపు గాలి పడవల్ని సముద్రం లోపలికి, ఇంకా లోపలికి నెడుతుంది. ఒడ్డు ఎటుందో తెలియకపోతే ఇక అంతే.

బహీజాకు ఉన్నది తమ్ముడొక్కడే. కొట్టు వదిలేసి నీళ్ల అంచున నిలబడింది. గట్టు వైపునుంచి ఏదో చప్పుడు వస్తున్నా పట్టించుకోలేదు. కళ్లలో ఇసుక పడుతున్నా రెప్ప వేయలేదు.

నాలుగైంది. అయిదైంది.

ముందొక పడవ వచ్చింది. రజబ్‌ది కాదు. రెండోదీ కాదు. మూడోదీ కాదు.

నాలుగో పడవలోంచి రజబ్ దిగాడు. బహీజా వాడి చెంపమీద ఒక్కటిచ్చి, వాటేసుకుని భోరుమంది.

"ఎలా వచ్చావురా?"

"చప్పుడక్కా. గట్టు చివర ఎవరో డబ్బా బాదారు. మూడు దెబ్బలు, కాస్త ఆపి మళ్లీ మూడు. రెండు గంటల పాటు. ఆ చప్పుడు పట్టుకునే అందరం వచ్చాం."

"ఇప్పుడేం వినబడట్లేదే."

ఇద్దరూ పరుగెత్తారు.

గట్టు చివర, తుప్పుపట్టిన పెద్ద నూనె డబ్బాకి ఆనుకుని ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఈసారి ముఖం సముద్రం వైపే ఉంది. నోటినిండా ఇసుక.

రజబ్ నాడి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఎవరక్కా ఈయన?"

బహీజా ఆయన ఒళ్లోని చెక్క చేతిలోకి తీసుకుంది. గోనెపట్టా ఊడిపోయింది. డబ్బా మీద బాదీ బాదీ ఒక అంచు చీలిపోయింది. తిప్పి చూసింది. నాన్న కొత్త పడవకి దిష్టి తగలకూడదని, చిన్నప్పుడు నీలిరంగులో ముంచి తను అద్దిన చిట్టి అరచెయ్యి అయిదు వేళ్లతో అలాగే ఉంది.

ఆ చేత్తోనే ఆమె షహాతా మీద రాయి విసిరింది.